యూపిక్ జనులు, వారి నుడి

అలాస్కా నైరృతి తీరమున, యూకాన్, కస్కోక్విమ్ నదులు బేరింగ్ సముద్రమును చేరుచోట, చెట్టు కానరాని చిత్తడినేలలలో యూపిక్ జనులు నివసింతురు. వారి భాషలో 'యుక్' అనగా మనిషి. 'యూపిక్' అనగా నిజమైన మనిషి. ఈ పేరున గర్వమున్నదని తొందరపడి తలపరాదు. ఇరువదికి వారు వాడు 'యుయినాక్' అను మాటయు మనిషి నుండి పుట్టినదే: చేతివ్రేళ్లును కాలివ్రేళ్లును కలిసిన నిండు మనిషి ఇరువది.

ఆ సీమలో ఊరికిని ఊరికిని నడుమ రోడ్లు అరుదు, నదియే దారి. వేసవిలో పడవలు, శీతకాలమున మంచుబండ్లు దానిపైననే నడచును. నుడియు నదివలెనే పాయలుగా చీలినది. చెవాక్ గ్రామమున ఈ పేరులోని యకారము చకారమై 'చుపిక్' అగును. నునివాక్ ద్వీపమున 'చుపిగ్' అగును. ఆ ద్వీపపు పలుకును కొందరు పండితులు వేరు భాషగానే ఎంచిరి. దక్షిణమున అలూటిక్కులు దగ్గరి జ్ఞాతులు. ఉత్తర అలాస్కా నుండి గ్రీన్లాండు వరకు వ్యాపించిన ఇన్యూట్ జనులు కొంత దూరపువారు. అలూషియన్ దీవులవారు మరింత దూరపువారు.

దుఃఖమెల్ల పడమటి చుట్టముల కథలో నున్నది. సెయింట్ లారెన్స్ ద్వీపము అమెరికాది. దాని కెదుటి చుకోట్కా తీరము రష్యాది. రెండుచోట్లను సైబీరియా యూపిక్ అను ఒకే సోదరభాష వాడుకలో నుండెను. 1867లో రష్యా అలాస్కాను అమెరికాకు అమ్మగా నడిసముద్రమున సరిహద్దు ఏర్పడినది. చర్మపు పడవలపై వచ్చిపోవు బంధువులు దానిని లెక్కింపలేదు. 1948లో ఆ రాకపోకలు నిలిపివేయబడినవి. నలువది ఏండ్ల పిదప, 1988లో, అలాస్కానుండి ఒక విమానము ప్రొవిడేనియాకు పోయినది. వృద్ధులు తమ నుడిలోనే పలుకరించుకొనిరి; చుకోట్కాలోని మనుమలలో చాలమందికి రష్యను మాత్రమే వచ్చును. ఆ తీరముననే సిరెనిక్ అను మరొక జ్ఞాతిభాష యుండెను. దాని నెరిగిన కడపటి స్త్రీ 1997లో మరణించెను.

నుడిని నిలుపబూనినవారును కలరు. 20వ శతాబ్ది తొలినాళ్లలో కస్కోక్విమ్ ప్రాంతపు ఉయాకుక్ అను క్రైస్తవ బోధకుడు, ఇంగ్లీషు చదువనేరనివాడు, మొదట బొమ్మలు గీసి, పిదప పలుకులోని ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క గుర్తు కల్పించెను. వేల ఏండ్లలో మానవజాతి నడచిన దారిని ఆయన కొన్ని ఏండ్లలో నడచెను. ఆ లిపి వ్యాప్తికి రాలేదు. నేటి వ్రాత రోమను లిపిలోనిది.

ఒకరు గతించినచో, తరువాత పుట్టిన శిశువునకు ఆ పేరు పెట్టుట వారి ఆచారము. గతించినవాని కూతురు ఆ పసివానిని 'నాన్నా' అని పిలుచును. ఆ పిలుపు నేడు కొన్ని ఇండ్లలో యూపిక్కున వినబడును. కొన్ని ఇండ్లలో ఇంగ్లీషున.