ఇంటికా, ఐసీయూకా?

మొన్నామధ్య రాత్రి అశోక్ నగర్‌లో ఇంట్లో ఉండగా నాన్నకి ఛాతీలో నొప్పి. ఆటోలో చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ వైపు ఓ ఆసుపత్రికి పరిగెత్తాం. ఈసీజీ బానే ఉంది, ట్రోపోనిన్ కూడా నార్మలే. "ఐసీయూలో చేరుస్తారా, సంతకం పెట్టి తీసుకెళ్తారా?" అన్నాడు డ్యూటీ డాక్టరు. మధ్యేమార్గం లేదు!

గుండె కండరం దెబ్బతిన్నా రక్తంలో ట్రోపోనిన్ పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే ఆగి మళ్ళీ చూడాలి. దానికి కావలసింది ఎమర్జెన్సీ పక్కనే నాలుగు మంచాలు, మానిటర్లు, ఓ నర్సు, ఎవర్ని ఎప్పుడు పంపొచ్చో రాసిన కాగితం. అంతే. బాల్టిమోర్‌లోని సెయింట్ ఆగ్నెస్ ఆసుపత్రిలో ఛాతీనొప్పికి ఇలాంటి విభాగం 1981లోనే పెట్టారు.

మన దగ్గర చాలా పాలసీలు 24 గంటలు అడ్మిట్ అయితేగానీ డబ్బులివ్వవు. ఇక ఆరుగంటల మంచం ఎవరు పెడతారు?

ఐసీయూకే ఒప్పుకున్నాం. రెండో పరీక్షా నార్మలే. నాన్న మాత్రం బిల్లు చూసి నీరసపడ్డారు. ఒక్క లాగ్ లైను చూసి సర్వర్ బావుందనం కదా మనం, మరి మనిషి దగ్గరెందుకో ఆ తొందర?