టార్చిలైటు మీట

ఇంటికి దీపము ఇల్లాలని పెద్దలు చెప్పుదురు. పల్లెలలో ఆ ఇల్లాలే దీపము చేతబట్టుకొని చీకటిలో పోవలసిన పనులు నేటికిని పెక్కు గలవు. కడపనుండి మైదుకూరునకు పోవు బాటమీది ఖాజీపేట ప్రాంతమున వరియు పసుపును పండించు కుటుంబములు మావి. రాత్రి వంతున కరెంటు వచ్చిన దినములలో మోటారు వేయుటకును, మడవ మార్చుటకును మగవారితోపాటు మేమును చేనికి పోవుదుము. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి తిరుగు గట్లమీద అడుగు పడుటకు ముందు వెలుగు పడవలెను. ఆ వెలుగు సరిగా ఆ క్షణముననే ఆరిపోయిన గతి యేమి?

ఒక వానకాలమున మాలో నొకామెకు అట్లే జరిగినది. ఆమె కదలక నిలిచి లైటును అరచేత తట్టగా అది మరల వెలిగినది. రెండడుగుల దూరమున గట్టునకడ్డముగా కట్లపాము పోవుచుండెను. మరునాడు ఇంటిలో అందరును సెల్లు పాతబడినదనిరి. కొత్త సెల్లు వేసినను అదే తీరు. దోషము సెల్లులో లేదు, దీపములో లేదు. నొక్కెడి మీటలో నున్నది.

సోదరీమణులారా! కె.సి. కాలువ నిండుగా పారుచుండవచ్చును, మన మడి నీటికి ఎదురుచూచుచుండవచ్చును. నడుమ తూము నాచుతో పూడియున్న నీరు ఎట్లు వచ్చును? టార్చిలో సెల్లు కాలువ, దీపము మడి, మీట తూము. తూమును చూడక కాలువను నిందించుట వ్యర్థము.

1899లో అమెరికాలో డేవిడ్ మిసెల్ అను నాతడు గొట్టమువంటి చేతిదీపమునకు పేటెంటు పొందెను. నాటి సెల్లులు బలహీనములు. దీపమును ఎడతెగక వెలిగింప వలనుపడక, నొక్కుచు వదలుచు వాడెడివారు. అందుచేతనే దానికి ఫ్లాష్‌లైటు, అనగా మెరుపుదీపము, అను పేరు వచ్చినది. నేటి కథ వేరు. నీలికాంతినిచ్చు ఎల్.ఇ.డి.ని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమానము లభించినది. ఆ నీలికాంతి యాధారముననే తెల్లని ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి. వెలుగు పెరిగినది, దానితోపాటు మీటమీది బరువును పెరిగినది.

కొంచెము లెక్క చూతము. పాతకాలపు రెండు సెల్లుల లైటులోని చిన్న బల్బు సుమారు 0.3 ఆంపియరు కరెంటు తీసికొనెడిది. లిథియం సెల్లుతో వెలుగు నేటి బలమైన లైట్లలో కొన్ని 3 ఆంపియర్లు తీసికొనును. మీటలో 0.1 ఓము అడ్డు ఉన్నదనుకొందము. 1827లో జర్మనీ దేశస్థుడగు ఓము ప్రకటించిన సూత్రము ప్రకారము, మొదటిదానిలో మీట మ్రింగునది 0.03 వోల్టు, రెండవదానిలో 0.3 వోల్టు. వేడి యింకను వేగముగా పెరుగును. కరెంటు పదిరెట్లయిన వేడి నూరురెట్లగును, 0.009 వాట్టు 0.9 వాట్టగును. గోరంత స్ప్రింగునకు అది సామాన్యమైన వేడి కాదు. ఆ వేడికి స్ప్రింగు పట్టు సడలును, అడ్డు హెచ్చును, మరల వేడి హెచ్చును. సెల్లు 3.7 వోల్టులది, తెల్లని ఎల్.ఇ.డి.కి సుమారు 3 వోల్టులు కావలెను. మిగిలిన 0.7లో 0.3 మీటయే మ్రింగిన, దీపము మసకబారుటలో వింత యేమున్నది?

మీటమీద 250 వోల్టులు, 1.5 ఆంపియరు అని వ్రాసియుండును. 250 వోల్టులకు ఓర్చునది 4 వోల్టులకు ఓర్వదా యని కొందరందురు. మీటలో వేడి పుట్టించునది దాని గుండ పోవు కరెంటు. కావున వోల్టులు తగ్గినవని ఆంపియర్లు హెచ్చించుటకు వీలులేదు.

మేము చేయు పరీక్షలు రెండు. మొదటిదానికి కావలసినది మందపు రాగితీగ ముక్క మాత్రమే. మీట వెనుక మూతలో నున్నచో మూత విప్పి, తీగ ఒక కొనను సెల్లు అడుగునను, రెండవ కొనను గొట్టపు అంచున రంగులేని లోహముమీదను ఆనింపవలెను. దీపము వెలుగును. మీటతో వెలిగినప్పటికంటె తీగతో వెలిగినప్పుడు కాంతి హెచ్చినచో దోషము మూతలోనే యున్నది. అది మీటదో, స్ప్రింగుదో, మరలలోని మురికిదో కావచ్చును. రెండు విధములను మసకగానే యున్న సెల్లునో దీపమునో చూడవలెను. తీగ సెల్లు రెండు కొనలను కలుపరాదు. లిథియం సెల్లు నిప్పంటుకొనగలదు.

రెండవదానికి మల్టీమీటరు కావలెను. మీట రెండు కొనలును చేతికందు లైటును వెలిగించి, మీటరును డీసీ మిల్లివోల్టులమీద నుంచి, ఆ రెండు చోట్లను ముట్టించిన మీట ఎంత మ్రింగుచున్నదో తెలియును. పది నిమిషముల తరువాత మరల చూడవలెను. పిమ్మట ఇరువదిమార్లు ఆర్పి వెలిగించి చూడవలెను. అంకె పెరుగుచున్నను, నొక్కినప్పుడెల్ల మారుచున్నను ఆ మీటను నమ్మరాదు. ఆంపియర్లమీద నున్న మీటరును మాత్రము సెల్లు రెండు కొనలకు నేరుగా ఎన్నడును ముట్టింపరాదు.

చిలుము పట్టియున్నచో పొడిగుడ్డతో తుడిచి, అప్పటికిని పోకున్న సన్నని ఉప్పుకాగితముతో మెల్లగా రుద్దిన చాలును. వేడికి సడలిన మీటను మార్చుటయే మేలు.

మోటారు స్టార్టరును చూడుడు. మనము నొక్కు చిన్న మీటగుండ మోటారు కరెంటంతయు పోదు. అది లోపలి చుట్టను మేల్కొల్పును. చుట్ట పెద్ద రేకులను కలుపును. బరువు ఆ రేకులది. కొన్ని మంచి టార్చిలలోను ఇట్లే మీట సంజ్ఞ మాత్రమే యిచ్చును, కరెంటును లోపలి ట్రాన్సిస్టరు మోయును. కొనునప్పుడు ఈ సంగతి అడుగవచ్చును.

ఇట్టి పనులు ఆడవారికేల యను మాట మేమును విన్నాము. అన్నము ఉడికినదో లేదో మెతుకు పట్టి చూచు చేతికి మీట పట్టి చూచుట కష్టము కాదు. సెల్లు కొనుటకు డబ్బు కావలెను. మీటను పరీక్షించుటకు పగటిపూట పది నిమిషములు చాలును. రాత్రి గట్టుమీద ఆ పరీక్ష చేయవలసిన యవస్థ ఏ సోదరికిని రాకుండుగాక.