వీణకు తగిన మైకు

మీ యింట వీణగాని వయొలినుగాని వాయించువారున్నచో, మా యనుభవము కొంత యుపకరింపవచ్చునని యిది వ్రాయుచున్నారము.

మా యత్తగారు నలువదేండ్లుగా బొబ్బిలి వీణ వాయించుచున్నారు. ఒకే పనసమ్రానున తొలచిన యేకాండి వీణ యది. కడచిన నవరాత్రులలో నొక మండపమున వాయింపుమని వారిని పెద్దలు కోరిరి. అచ్చట నుపన్యాసకులకు పెట్టు మైకునే తెచ్చి, వీణకు బారెడు దూరమున నిలిపిరి. మృదంగము మ్రోగినది; వీణ వినబడలేదు. ధ్వని పెంచగానే లౌడుస్పీకరు కూయసాగినది. అత్తగారు కీర్తన నడుమనే తంత్రులపై చేయి యుంచి యూరకుండిరి. ఇంటికి వచ్చి, “నా వీణకు వయసు మళ్ళినది కాబోలు, అమ్మాయీ” అనిరి. ఆ మాట మా మనస్సును కలచినది. వారి వ్రేళ్ళకు వణకు మొదలైన సంగతి మే మెరుగుదుము.

మా వారు బడినుండి వచ్చిన పిదప, ప్రతి సాయంకాలమును ఇరువురమును ఈ విషయమునే విచారించితిమి. లోపము వీణది కాదు, మైకు నెన్నుకొనుటలోనిది.

డైనమిక్ మైకులో ధ్వని తగిలిన పలుచని పొర, అయస్కాంతక్షేత్రమున తీగచుట్టను కదల్చి విద్యుత్తు పుట్టించును. ఇది దృఢమైనది, దూరపు చప్పుళ్ళ నంతగా గ్రహింపదు. సభలకు మేలే కాని, వాద్యమునకు జానెడు దూరమున నుంచవలెను. 1916లో అమెరికాదేశమున ఇ. సి. వెంటే రూపొందించిన కండెన్సరు మైకు మిక్కిలి సున్నితము. నేటివానికి సాధారణముగా 48 వోల్టుల విద్యుత్తు నందింపవలెను. సన్నగిల్లు గమకపు కొసను సైతము పట్టును. వంటింటి గిన్నెల చప్పుడును విడువదు. మూడవది, వీణ కొయ్యకే యంటించు కాంటాక్టు మైకు. ఇది కొయ్య కంపమునే గ్రహించును గాన మృదంగధ్వని యంతగా కలియదు, కూతయు తక్కువ. కాని నాదమున మార్దవము కొంత తగ్గును.

ఇంట రికార్డు చేయుటకు మేము కండెన్సరునే కొంటిమి. ఒక తెల్లవారుజామున, వీధి మేల్కొనక మునుపే ఫంకా నాపి, గోడలకు దుప్పట్లు వ్రేలాడగట్టి, కుండకు రెండడుగుల దూరమున మైకు నిలిపి, అత్తగారిచే వాయింపించితిమి. పిదప వినిపింపగా వారు చాలసేపు మాటాడరైరి. “ఇది నా వీణయే” అని మాత్ర మనిరి. వచ్చు నవరాత్రులకు కాంటాక్టు మైకుతో మరల మండపమున కూర్చుండుటకును సమ్మతించిరి.

కావున సోదరీమణులు మైకు కొనునపుడు ధర నడుగుటకు మున్ను, వాయించు చోటును, ప్రక్క వాద్యమును తలపోయుదురు గాక. ఇంటి పెద్దల సంగీతమును రికార్డు చేయుటకు మాత్రము జాగు చేయకుడు.