పటాన్ని గోడ మీంచి దించండి

కొత్తగా ఎస్‌జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచరుగా, చేరినవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: మ్యాపు గోడకు తగిలించి పాఠం మొదలుపెట్టకండి. నేల మీద పరవండి, పటంలో ఉత్తరం అసలు ఉత్తరానికే ఉండేలా తిప్పి మరీ పరవండి. గోడపటం చూసి నేర్చుకున్న పిల్లను ఉత్తరం ఎటని అడిగితే వేలు ఆకాశంలోకి చూపిస్తుంది. పైన ఉన్నది ఉత్తరమని చెప్పింది మనమే కదా!

ఈ పద్ధతి నాది కాదు. నెమలి అనే ఊళ్లో నాకు పని నేర్పిన పెద్ద మాస్టారిది. వరండాలో సుద్దముక్కతో ముందు బడి గీయించేవారు, తర్వాత వేణుగోపాలస్వామి గుడి, తర్వాత రోడ్డు. ఎవడైనా దారి తప్పుగా గీస్తే ఆయన చెరిపేవారు కాదు. ఆ దారిన నడిచి రమ్మనేవారు. తిరిగొచ్చి వాడే చెరిపి దిద్దుకునేవాడు. అంత ఓపిక నాకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మూలలు నేర్పడానికి చార్టు అక్కర్లేదు. ఇల్లు కట్టేటప్పుడు తాత మేస్త్రీతో వాదించడం పిల్లలు విని ఉంటారు. వంటిల్లు ఏ మూల? ఆగ్నేయం. మరి మన బడి నుంచి తిరువూరు ఏ మూల? కాసేపు గొడవపడి ఈశాన్యం అంటారు. మధిర పడమటికి, అది తెలంగాణ. బెజవాడ దక్షిణానికి. మిరప టిక్కీలతో లారీ వెళ్లే గుంటూరు కూడా దక్షిణానికే, కృష్ణ దాటాక. ‘గుంటూరు కింద ఉంది’ అంటే నా తరగతిలో ఒప్పుకోను.

ఎందుకంటే ఆ ‘కింద’తోనే నదుల పాఠం చెడుతుంది. వినగడప దగ్గర కట్టలేరు వాగు పొంగితే రాకపోకలు ఆగడం మా పిల్లలకు తెలుసు. ఆ నీరు మున్నేటికి, అక్కణ్ణించి కృష్ణకు, చివరికి హంసలదీవి దగ్గర సముద్రానికి చేరుతుంది. పటంలో చూస్తే ఏరు పైనుంచి కిందికి జారినట్టే ఉంటుంది. అందుకే ఇసుక పోయించి, ఎత్తుపల్లాలు పిల్లల చేతే చేయించి, చెంబుతో నీళ్లు వదిలిస్తాను. ఒకసారి ఎత్తంతా దక్షిణం వైపు పెట్టాం. నీళ్లు ఉత్తరానికి పారాయి. “ఏరు దిక్కు చూడదు మాస్టారూ, పల్లం చూస్తుంది!” అని నాలుగో తరగతి పిల్ల అరిచింది. అప్పుడు ఆఫ్రికా పటం పరిచి, ఉత్తరానికి పారే నైలు నదిని చూపించాను. ఒక్కరికీ వింతగా అనిపించలేదు. ఈ పాఠం పట్టుబడిందని నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే.

ఇంకో కిటుకు. ఆగస్టు మొదటి వారంలో సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు. మేలోనూ వస్తాడు గానీ అప్పుడు సెలవులు. నిటారుగా కర్ర పాతండి. తూకంగుండు కట్టి సరిచూడండి, ఒరిగితే శ్రమంతా వృథా. నీడ మాయమయ్యేది గడియారంలో పన్నెండింటికి కాదు, సుమారు పన్నెండుంపావుకి. మన దేశ గడియారం నడిచే రేఖాంశం కాకినాడ వైపు ఉంది, మనం దానికి పడమట ఉన్నాం, ఆ తేడా కొంత. ఐదో తరగతికి ఇంతవరకు చెప్పవచ్చు. మబ్బుపడితే మర్నాడు మళ్లీ చూడండి, నీడ అప్పటికీ బెత్తెడుకు మించదు.

పాత జిల్లా పటాలు పారేయకండి. 2022 ఏప్రిల్ 4న మనం కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం. పాతదీ కొత్తదీ పక్కపక్కన పరిచి, ఏ గీత ఎక్కడికి జరిగిందో వేలితో వెతికించండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉత్తరాల మీద ఏ జిల్లా రాసేవారో అడిగి రమ్మనండి. సోమవారం ఆ జవాబులన్నీ పాత పటం అంచున వాళ్ల చేతే రాయించండి.