మెత్తగా పాడితే ఆడంగి పాటేనా?

పిహెచ్.డి. కోసం నేను చదువుకున్న ‘బాలడ్’ అంటే కథ చెప్పే పాట. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 19వ శతాబ్దంలో 305 గాథల్ని పోగుచేస్తే, వాటిలో మేలైన పాఠాలు ఎన్నో స్కాట్లండ్‌కి చెందిన అన్నా గోర్డన్ (1747-1810) జ్ఞాపకంలోంచి వచ్చినవే. వాటిని ఆవిడ తల్లి దగ్గరా, తల్లి తోబుట్టువు దగ్గరా, ఇంట్లో పనిచేసే ఆమె దగ్గరా విని నేర్చుకుంది. అదే మాటకి రాక్ సంగీత వ్యాపారం ఇంకో అర్థం ఇచ్చింది. నెమ్మదిగా, మెత్తగా, ఎక్కువగా ప్రేమ గురించి పాడితే బాలడ్.

ఈ రెండో అర్థం నాకు మా తమ్ముడి ఫోన్లోంచి తెలిసింది. మాది కనిగిరి అవతల, భైరవకోన దగ్గరి చంద్రశేఖరపురం. వాడు ఇంజనీరింగ్ హాస్టల్ నుంచి సెలవులకొస్తే ఇల్లంతా త్రాష్ మెటలే. గిటార్ల రాపిడి, పరుగులు పెట్టే డ్రమ్ములు, యుద్ధం మీదా చావు మీదా అరుపులు. మెగాడెత్ వాడికి దేవుడు. ఒక్క ‘రిస్క్’ మాత్రం విననిచ్చేవాడు కాదు. ఎందుకురా అంటే, “అవి ఆడంగి పాటలక్కా” అన్నాడు. పక్కనే అవ్వ కందులు చెరుగుతోంది. ఆవిడ తలెత్తలేదు గానీ, నాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

‘రిస్క్’ 1999లో వచ్చింది. కంట్రీ పాటలకి పుట్టినిల్లు లాంటి నాష్‌విల్‌లో, డాన్ హఫ్ నిర్మాతగా రికార్డు చేశారు. పాప్ వైపు లాగినవాడు గిటారిస్టు మార్టీ ఫ్రీడ్‌మన్. 1992లో ‘కౌంట్‌డౌన్ టు ఎక్స్‌టింక్షన్’తో అమెరికా పట్టికలో 2వ స్థానం దాకా వెళ్ళిన బృందం దీనితో 16 దగ్గర ఆగింది. అభిమానులు తిట్టిపోశారు. ఫ్రీడ్‌మన్ 2000లో బయటికొచ్చి, 2003లో జపాన్ వెళ్ళి, ఐకావా నానాసే అనే పాప్ గాయని పక్కన గిటారు వాయించాడు. (ఆయనకేమీ నామోషీ అనిపించినట్టు లేదు.)

అయితే త్రాష్ మగవాళ్ళు అంతకుముందు మెత్తగా పాడలేదా? మెటాలికా ‘ఫేడ్ టు బ్లాక్’ (1984), ఇదే మెగాడెత్ ‘ఆ తూ ల్ మోంద్’ (1994) నెమ్మదైన పాటలే. వాటిని నెత్తిన పెట్టుకున్నారు. ఒకటి చావాలనుకునేవాడి పాట, ఇంకోటి చనిపోతున్నవాడి వీడ్కోలు. మగవాడు మెత్తబడాలంటే కనీసం చావు అంచున ఉండాలన్నమాట! ‘నథింగ్ ఎల్స్ మ్యాటర్స్’ (1991) లాంటి ప్రేమపాట లోకమంతా గెలిచింది నిజమే. పాత అభిమానుల శాపనార్థాలు దానికీ తప్పలేదు.

‘రిస్క్’లోని మెత్తని పాటలు నేను పట్టుబట్టి విన్నాను. నాకూ నచ్చలేదు. కారణం మెత్తదనం కాదు, వాటిలో ఎవరి కథా లేకపోవడం. రేడియో కొలతలకి కుట్టించిన చొక్కాల్లా ఉన్నాయి. డేవ్ మస్టెయిన్ పళ్ళ బిగువున పాడే గొంతు ఆ చొక్కాలో ఇరుక్కుపోయింది.

ఇలాంటి సరుకుకి ‘ఆడంగి’ అని పేరు పెట్టడమే నాకు మింగుడుపడదు. ఆడవాళ్ళ పాట మెత్తగా ఉంటుందని ఎవరు చెప్పారు? కలుపు తీస్తూ అవ్వ ఊర్మిళాదేవి నిద్ర పాట ఎత్తుకుంటే నాలుగు సాళ్ళ అవతలికి వినిపించేది. పద్నాలుగేళ్ళ తర్వాత వచ్చి తాకిన మొగుణ్ణి పరాయివాడనుకుని ఊర్మిళ దులిపేసే చోట అవ్వ గొంతు ఇంకా లేచేది. అన్నా గోర్డన్ పాడిన ‘ది ట్వా సిస్టర్స్’లో అక్కే చెల్లెల్ని నీళ్ళలోకి తోస్తుంది. హత్య, ద్రోహం, చావు... త్రాష్ వాళ్ళ సరంజామా అంతా అక్కడే ఉంది. నా సిలబస్ ప్రకారం మెటాలికా ‘వన్’ (1988) సిసలైన బాలడ్. బాంబు దెబ్బకి కాళ్ళూ చేతులూ చూపూ వినికిడీ పోయిన సైనికుడి కథ అది. వెతుక్కుంటూ నాష్‌విల్ దాకా వెళ్ళనక్కర్లేని వస్తువు.

మస్టెయిన్ 2001 నుంచీ పాత బాట పట్టాడు. 2007లో ఆ వీడ్కోలు పాటనే మళ్ళీ రికార్డు చేశాడు. ఈసారి ఇటలీ గాయని క్రిస్టినా స్కాబియా తోడు పాడింది. ఆడగొంతు చేరిన ఆ పాట వేగం, మొదటిదానికన్నా కాస్త పెరిగింది.