మానని పుండు

వ్యాధులకు మన పూర్వులు పెట్టిన పేర్లను పరిశీలిస్తే, వారెంత నిశితంగా చూశారో తెలుస్తుంది. కురుపు వేరు, గడ్డ వేరు, కంతి వేరు, పుండు వేరు. వీటన్నిటిలోనూ భయం గొలిపే పేరు రాచపుండు. నేడు మనమంతా క్యాన్సర్ అంటున్నది దానినే. గ్రీకులకు ఆ వ్యాధిలో ఎండ్రకాయ కనిపించింది. సుశ్రుతుడు గ్రంథిని, అర్బుదాన్ని వేరుచేసి చెప్పాడు. వ్రణచికిత్సకు 60 ఉపక్రమాలను వివరించాడు. మన పల్లెజనం మాత్రం దానిని పుండ్ల కోవలోనే చేర్చి, వాటికి రాజును చేసింది.

ఇది అజ్ఞానమనేవారితో నేను ఏకీభవించను. 1986లో హెరాల్డ్ డ్వోరాక్ అనే అమెరికన్ పాథాలజిస్టు, కంతులంటే మానని పుండ్లేనని ఒక వ్యాసం వ్రాశాడు. చర్మం తెగినప్పుడు రక్తం గడ్డకడుతుంది, వాపు వస్తుంది, క్రొత్త రక్తనాళాలు మొలుస్తాయి, క్రొత్త కండ పెరుగుతుంది. గాయం పూడగానే ఆ పని ఆగిపోయి మచ్చ మిగులుతుంది. కంతి కూడా ఆ ఏర్పాట్లనే వాడుకుంటుంది, కాని ఆగడమెరుగదు. మానడానికీ, మ్రింగడానికీ నడుమనున్న భేదం ఆ ఆగడమే!

ఉమ్మడి ఆదిలాబాదు అడవులలో వేసవి వచ్చిందంటే తునికాకు సేకరణ. ఏబదేసి ఆకుల కట్టలు కల్లాలలో ఎండుతాయి. ఉమ్మడి కరీంనగర్ పల్లెలలో ఎందరో స్త్రీలు చేటలు ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టి సంసారాలు నడిపారు. ఆ బీడీ పొగయే నోటిలో రాచపుండుకు ఒక ప్రధాన హేతువు. ఉత్తరాంధ్రలో నిప్పు లోపలికి పెట్టి త్రాగే అడ్డపొగ వల్ల అంగిలికి వచ్చే జబ్బును గురించి వైద్యులు విస్తృతంగా పరిశోధించారు. కూడు పెట్టిన ఆకే కుత్తుకకు వచ్చిందనడం అతిశయోక్తి కాదు.

మా పెద్దన్నయ్య నాలుక అంచున ఒక చిన్న పుండు లేచింది. పన్ను ఒరుసుకొని వచ్చిందన్నాడు. రెండు నెలలైనా మానలేదు. వైద్యుడు చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాడు. ఆ ముక్కను మైనంలో పొదిగి, పలుచని పొరలుగా కోసి, రెండు రంగులు అద్దుతారట: ఒకటి చెట్టు చేవ నుండి తీసినది, కణకేంద్రాలకు నీలిమనిస్తుంది, రెండవది ఇయోసిన్, తక్కిన భాగానికి అరుణిమనిస్తుంది. గ్రీకుల ఉషోదేవత పేరు ఇయోస్. ఆ ఉషఃకాంతిలోనే మా అన్నయ్య వ్యాధి బయటపడింది.

నాలుకలో కొంత భాగం తీసివేశారు. మనిషి దక్కాడు. ఆ కోత మానింది. నాకు చిన్నప్పుడు పద్యాలు వల్లె వేయించినవాడు, ఆ తరువాత రేఫను స్పష్టంగా పలుకలేకపోయాడు. అయినా సాయంకాలాలు పద్యం చదవడం మానలేదు. వినడం నేనూ మానలేదు.

నోటిలో పుండు రెండు మూడు వారాలకూ మానకుంటే వైద్యునికి చూపించండి. నొప్పి లేదని ఉపేక్షించకండి. మొదట్లో అది నొప్పించకపోవచ్చు. మానకపోవడమే దాని లక్షణమని మన భాష ఏనాడో గుర్తించింది. మీ ప్రాంతాలలో దీనికి వేరే పేర్లుంటే తెలుపగలరు.