ఒక ఎం.ఎల్. పాలు

2011లో మా అమ్మాయి ఇరవై తొమ్మిదో వారంలోనే పుట్టేసింది. 1,080 గ్రాములు. నేనింకా పాప మొహం చూడకముందే నర్సు చిన్న స్టీలు గిన్నె చేతికిచ్చి "పాలు పిండివ్వమ్మా" అంది. అరగంట పిండితే గిన్నె అడుగు తడిసింది. "ఈ నాలుగు చుక్కలు ఏ మూలకి? డబ్బాపాలు పట్టమనండి" అన్నారు మా అత్తయ్య. నర్సు మాత్రం ఆ ముర్రుపాలను చుక్క వదలకుండా సిరంజిలోకి లాగింది. చీకడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ కలిపి చెయ్యడం ముప్పై నాలుగో వారం దాకా సరిగా రాదట. అందుకే నోట్లోంచి పొట్టలోకి గొట్టం. రెండు గంటలకోసారి ఒక ఎం.ఎల్.

నన్ను మాత్రం రోజుకి పావుగంటే లోపలికి రానిచ్చేవారు. తల్లి తాకితే ఇన్ఫెక్షనట! నా పాలు లోపల, నేను బయట. ఇలాంటి పిల్లల్ని పుట్టిన వెంటనే తల్లి గుండెకి హత్తుకోనివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. అలా చేస్తే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయట. అది చదివిన రోజు చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను.

పన్నెండో రోజున పాప పొట్ట ఉబ్బింది. గొట్టంలోంచి ఆకుపచ్చటి పసరు, విరేచనంలో నెత్తురు. పాలు ఆపేసి సెలైన్, యాంటీబయాటిక్స్ పెట్టారు. "ఏం తిన్నావే?" అంది అమ్మ. "చేతులు కడుక్కునే పిండావా?" అన్నారు అత్తయ్య. మా ఆయన ఏమీ అనలేదు, అదీ అడిగినట్టే ఉంది. నెలలు నిండని పేగు చాలా లేతగా ఉంటుందనీ, తల్లిపాలు ఈ జబ్బు ప్రమాదాన్ని తగ్గిస్తాయే గానీ పూర్తిగా పోగొట్టలేవనీ, డబ్బాపాలతోనే ముప్పు ఎక్కువనీ, నా పథ్యానికీ దీనికీ సంబంధం లేదనీ డాక్టరమ్మ నాకొక్కదానికే చెప్పింది. వరండాలో కూర్చున్న వాళ్లకి చెప్పుంటే బావుండేది.

ఆపితే పాలు ఎండిపోతాయని, ఆ ఎనిమిది రోజులూ మూడు గంటలకోసారి పిండుతూనే ఉన్నాను. పాప తాగని పాలు, తేదీలు వేసిన సీసాల్లో, ఫ్రీజర్లో.

పక్క మంచం అమ్మాయికి కవలలు. ఆమెకి పాలు పడలేదు. భర్త అప్పుచేసి డబ్బాలు తెచ్చేవాడు. "అక్కా, నీవి మిగులుతున్నాయి కదా" అంది ఒక రాత్రి. నర్సుని అడిగితే కుదరదంది. నిజమే, పాలిచ్చే మనిషికి హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చెయ్యాలి, ఆ పాలని 62.5 డిగ్రీల దగ్గర అరగంట ఉంచాలి. ముంబై సయన్ ఆస్పత్రిలో పాలబ్యాంకు 1989లోనే పెట్టారు. మా ఆస్పత్రిలో ఖరీదైన వెంటిలేటర్లున్నాయి గానీ, అది లేదు. ఆడవాళ్ల పాల మీద డబ్బు పెట్టాలని ఎవరికి తోస్తుంది?

తొమ్మిదో రోజు మళ్లీ ఒక ఎం.ఎల్.తో మొదలుపెట్టారు. నా సీసా ఒకటి తీసి కరిగించారు. అప్పటికి పక్క మంచం ఖాళీ అయింది. ఇద్దరు పిల్లలతో వెళ్లిందా, ఒక్కరితోనా అని నర్సుని నేను అడగలేదు.